ఆల్ఫ్రెడ్ బినే

ఆకాశమునందలి నక్షత్రములను పరిశీలించువాని కోరికలు నక్షత్రములకు తెలియవు. రాళ్లను పరీక్షించువాడు పలికిన మాటలను రాళ్లు వినవు. కాని మనుష్యుని మనస్సును పరీక్షించువాని స్థితి అట్టిది కాదు. ఎదుట కూర్చున్నవాడు అతని మాటలను వినును, ముఖమును చూచును, అతడు కోరినదేమో గ్రహించి, తనకు తెలియకయే దాని కనుగుణముగా బదులు చెప్పును. పరీక్షించువాడును మనుష్యుడే గనుక తాను చూడగోరిన దానినే చూచుచుండును. ఈ రెండు మోసములను దాటినగాని మనశ్శాస్త్రము శాస్త్ర మనిపించుకొనజాలదు. ఈ సత్యమును పుస్తకములలో చదివి కాక, దెబ్బతిని నేర్చుకొని, నేర్చినదానిని జీవితాంతము విడువక పాటించిన మహనీయుడు ఫ్రాన్సు దేశీయుడగు ఆల్ఫ్రెడ్ బినే. పిల్లల తెలివిని కొలుచు పరీక్షను నిర్మించినవాడుగా లోకము ఆయనను స్మరించుచున్నది. ఆ పరీక్షకు వెనుక నున్న కథ దానికంటెను విలువైనది.

బినే 1857 జూలై 8 వ తేదీన మధ్యధరా సముద్రతీరమునందలి నీస్ పట్టణమున జన్మించెను. అప్పటికి ఆ పట్టణము సార్డీనియా రాజ్యములో నుండెను. 1860లో అది ఫ్రాన్సులో చేరెను. తండ్రి వైద్యుడు, తల్లి చిత్రకారిణి. తలిదండ్రులు విడిపోవుటచే బాలుడు తల్లి పోషణలో పెరిగెను. ఆయన పారిస్ నగరమునకు వచ్చి, పేరుపొందిన లూయీ ల గ్రాన్ పాఠశాలలో చదివెను. తరువాత న్యాయశాస్త్రము నభ్యసించి 1878లో పట్టమును పొందెను. కాని న్యాయవాద వృత్తి ఆయన మనస్సునకు నచ్చలేదు. పిమ్మట వైద్యవిద్య నారంభించి, దానిని గూడ నడుమనే విడిచిపెట్టెను.

ఏ వృత్తియందును నిలువని ఆ యువకుడు పారిస్ లోని జాతీయ గ్రంథాలయమునకు పోయి గ్రంథపఠనము చేయసాగెను. అచ్చట మనశ్శాస్త్ర గ్రంథములు ఆయన కంటబడెను. ఆంగ్ల తత్త్వవేత్త యగు జాన్ స్టువర్టు మిల్లు రచనలు ఆయన నాకర్షించెను. ఒక భావము మరియొక భావమును వెంటబెట్టుకొని వచ్చుటయే మనోవ్యాపారములకు మూలమను సిద్ధాంతము ఆయనకు మిక్కిలి రుచించెను. ఇట్లు గురువు లేకయే బినే మనశ్శాస్త్రమును నేర్చెను. గురువు లేని చదువులో స్వేచ్ఛ కలదు; కాని తప్పు చేసినపుడు సరిదిద్దువారుండరు. 1880లో స్పర్శజ్ఞానమును గూర్చి ఆయన తన మొదటి వ్యాసమును ప్రకటించెను. బెల్జియము దేశమునందలి లియేజ్ విశ్వవిద్యాలయాచార్యుడు జోసెఫ్ డెల్బెఫ్ అందలి లోపములను ఎత్తిచూపెను. ఇదే విమర్శకుడు బినే జీవితమున మరియొకమారు, ఇంతకంటె కఠినముగా, ఎదురుకానుండెను.

ఆ కాలమున పారిస్ నగరమునందలి సాల్పెట్రియేర్ వైద్యశాల జగత్ప్రసిద్ధమై యుండెను. జాన్ మార్టిన్ షార్కో అను మహావైద్యుడు దానికి వన్నె తెచ్చెను. నాడీవ్యాధులను గుర్తించుటలో ఆయన మిక్కిలి నిపుణుడు. దూరదేశములనుండి గూడ వైద్యులు ఆయన ఉపన్యాసములను వినుటకు వచ్చుచుండిరి. హిస్టీరియా వ్యాధి గల స్త్రీలను వశీకరణ నిద్రలో ముంచి ఆయన పరిశోధనలు జరుపుచుండెను. 1883 ప్రాంతమున బినే ఆ వైద్యశాలలో ప్రవేశించెను. షార్కో శిష్యుడగు షార్ల్ ఫెరే అను వైద్యుడు ఆయనకు తోడయ్యెను. అంతవరకు పుస్తకములతోనే కాలము గడపిన బినేకు ఆ వైద్యశాల ఒక నూతన లోకమువలె తోచెను. షార్కో ప్రతిభపై ఆయనకు అచంచలమైన విశ్వాసము కుదిరెను.

బినే, ఫెరేలు అచ్చట సూదంటురాతితో చేసిన ప్రయోగములు మిక్కిలి వింతయైనవి. వశీకరణ నిద్రలో నున్న రోగి కుడిచేతిని పైకెత్తి యుంచినపుడు, ఎడమ ప్రక్కకు పెద్ద సూదంటురాయిని తెచ్చినచో, కుడిచేయి క్రిందికి వాలి ఎడమచేయి పైకి లేచుచుండెను. సంతోషముతో నున్న రోగి దాపునకు దానిని తెచ్చినచో ఆ సంతోషము దుఃఖముగా మారుచుండెను. అయస్కాంతశక్తి నాడులపై పనిచేసి, చలనమును ఒక ప్రక్కనుండి వేరొక ప్రక్కకు మార్చుచున్నదనియు, భావములను తలక్రిందులు చేయుచున్నదనియు వారిరువురును నిశ్చయించిరి. ఈ ఫలితములను 1885లో వ్యాసములుగా ప్రకటించిరి. 1887లో ఒక గ్రంథమును గూడ వెలువరించిరి. గొప్ప సత్యమును కనుగొంటిమని వారు సంతోషించిరి.

ఈ వింతలను స్వయముగా చూడగోరి డెల్బెఫ్ పారిస్ నగరమునకు వచ్చెను. ప్రయోగములు ఆయన కన్నులయెదుటనే జరిగెను. అయినను ఆయనకు తృప్తి కలుగలేదు. ఏలయన, ప్రయోగము చేయువారు ముందు జరుగబోవు దానిని గూర్చి రోగి యెదుటనే మాటలాడుకొనుచుండిరి. సూదంటురాయి ఎప్పుడు దగ్గరకు వచ్చుచున్నదో రోగికి తెలియకుండ దాచు ప్రయత్నము సరిగా జరుగుటలేదు. పైగా ఆ ప్రయోగములు వైద్యశాలలో చిరకాలముగా నుండి, వైద్యుల కోరికలను బాగుగా నెరిగిన కొలదిమంది రోగులపైననే సాగుచుండెను. చూపబడిన వింత నిజమైనదే కావచ్చును. దానికి చెప్పబడిన కారణము నిజమా యని డెల్బెఫ్ సందేహించెను.

ఆయన లియేజ్ నగరమునకు తిరిగిపోయి, తగిన జాగ్రత్తలతో అవే ప్రయోగములను మరల చేసెను. సూదంటురాతి మహిమ కానరాలేదు. ఫ్రాన్సులోనే నాన్సీ పట్టణమునందు హిపోలిత్ బెర్న్‌హైమ్ అను వైద్యాచార్యుడును అట్టి ఫలితమునే పొందెను. రోగి మనస్సునకు సూచన అందినచో, సూదంటురాయి లేకున్నను చేయి లేచును. సూచన అందనిచో, రాయి యున్నను చేయి లేవదు. కావున అచ్చట పనిచేసినది ఇనుము కాదు. రోగి మనస్సులో నాటుకొన్న భావము. ఆ భావమును నాటినవారు, తమకు తెలియకయే, ప్రయోగము చేసిన పండితులే.

మొదట బినే, ఫెరేలు ఈ విమర్శను అంగీకరింపలేదు. సాల్పెట్రియేర్ రోగులు ప్రత్యేకమైనవారనియు, అట్టివారు ఇతరులకు దొరకకపోవుటచేతనే ఆ ఫలితములు కానరాలేదనియు వాదించిరి. వాదము కొన్ని సంవత్సరములు సాగెను. కాని సాక్ష్యము నానాటికి వారికి ప్రతికూలమయ్యెను. షార్కో కీర్తి గొప్పదే. కాని కీర్తి సాక్ష్యము కాజాలదు. 1890లో బినే ఆ వైద్యశాలను విడిచెను. వశీకరణ ప్రయోగములు లెక్కలేనన్ని పొరపాట్లకు తావిచ్చుననియు, ప్రయోగము చేయువానికి తెలియకయే రోగికందు సూచనలే వానిలో ముఖ్యమైనవనియు 1892లో ప్రకటించిన తన గ్రంథమున బాహాటముగా ఒప్పుకొనెను. పేరుప్రతిష్ఠల నాశించు యువకునకు ఇది సామాన్యమైన అవమానము కాదు. ఇట్టి సమయమున పెక్కురు తమ తప్పును కప్పిపుచ్చుకొందురు. మరికొందరు నిరాశతో పరిశోధననే మానుదురు. బినే ఈ రెంటిలో దేనిని చేయలేదు. తన్ను మోసగించిన ఆ సూచన అను శక్తినే ఆయన తరువాతి కాలమున పరిశోధనకు విషయముగా గైకొనెను.

బినే 1884లో లోర్ బాల్బియాని అను నామెను వివాహమాడెను. ఆమె తండ్రి కొలేజ్ ద ఫ్రాన్స్ అను ప్రసిద్ధ విద్యాసంస్థలో ఆచార్యుడు, జీవశాస్త్రజ్ఞుడు. మామగారి సాంగత్యమున బినే ప్రకృతిశాస్త్రములను గూడ అభ్యసించెను. కీటకముల నాడీమండలముపై పరిశోధించి 1894లో డాక్టరు పట్టమును పొందెను. 1885లో మదలేన్, 1887లో ఆలీస్ అను ఇరువురు కుమార్తెలు ఆయనకు జన్మించిరి. వైద్యశాలను విడిచిన బినేకు ఇల్లే ప్రయోగశాల యయ్యెను. పిల్లలు నడక నేర్చుచుండగా ఆయన చూచుచుండెను. పెద్దకుమార్తె ఆధారమును చక్కగా చూచుకొని, ఆచితూచి అడుగు వేయుచుండెను. చిన్నది ముందున్న దేమో చూడకయే ఉత్సాహముతో ముందునకు సాగుచుండెను. ఒకే యింట, ఒకే పెంపకమున పెరుగుచున్న ఇరువురి స్వభావములు ఇంత భిన్నములుగా నుండుట ఆయనను ఆలోచింపజేసెను.

నాలుగేండ్లు దాటిన మదలేన్‌కు పెద్ద సంఖ్యలు లెక్కించుట ఇంకను రాదు. తండ్రి ఆమె యెదుట రెండు కుప్పలుగా బిళ్లల నుంచి, ఏ కుప్పలో ఎక్కువ బిళ్లలున్నవని అడుగుచుండెను. అన్ని బిళ్లలు ఒకే పరిమాణము గలవైనపుడు, ఆ బాలిక కొద్దిపాటి తేడాను గూడ సరిగా చెప్పుచుండెను. ఇంతటితో సంతృప్తి చెందినవాడు, లెక్క రాని పిల్లలకు గూడ సంఖ్యాజ్ఞానము గలదని వ్రాసియుండెడివాడు. బినే అట్లు తొందరపడలేదు. ఒక కుప్పలో పెద్ద బిళ్లలను, మరియొక కుప్పలో చిన్న బిళ్లలను ఉంచి మరల అడిగెను. ఇప్పుడు బాలిక పొరబడెను. సంఖ్య తక్కువైనను ఎక్కువ చోటు నాక్రమించిన పెద్ద బిళ్లల కుప్పనే ఆమె చూపెను. ఆమె సంఖ్యను కాక చోటును చూచి నిర్ణయించుచున్నదని దీనివలన తేలెను. సరియైన జవాబు వచ్చినంతమాత్రమున కారణము తెలిసినట్లు కాదనియు, పరిస్థితులలో ఒక్కదానిని మార్చి చూచినగాని అసలు కారణము బయటపడదనియు ఈ చిన్న ప్రయోగము తెలుపుచున్నది. 1890లో బినే ఈ పరిశీలనములను ప్రకటించెను.

1891లో సోర్బాన్ విశ్వవిద్యాలయమునందలి మనశ్శాస్త్ర ప్రయోగశాలకు అధిపతి యగు హెన్రీ బోనీని బినే ఒక రైలు స్టేషనులో కలిసికొనెను. జీతము లేకయే ఆ ప్రయోగశాలలో పనిచేయుదునని కోరెను. బోనీ అంగీకరించెను. 1894లో బినే దానికి అధిపతి యయ్యెను. ఆ సమయముననే మనశ్శాస్త్రమునకు ఒక వార్షిక పత్రికను స్థాపించెను. ఆ ప్రయోగశాలాధిపత్యమును మరణపర్యంతము వహించెను. అయినను ఫ్రాన్సులో ఆచార్యపదవి ఆయనకు ఎన్నడును లభింపలేదు.

ఆ దినములలో పారిస్ రంగస్థలములపై జాక్ ఇనోదీ అను ఇటలీ దేశీయుడు పెద్దపెద్ద లెక్కలను నోటితోనే చేసి జనులను ఆశ్చర్యపరచుచుండెను. అతడు బాల్యమున గొర్రెలు కాచినవాడు, చదువుకొన్నవాడు కాడు. ఇట్టివారు అంకెలను పలకపై వ్రాసినట్లు మనస్సులో చూచుచుందురని పండితులు తలచుచుండిరి. బినే అతనిని ప్రయోగశాలలో పరీక్షింపగా, అతడు అంకెలను చూచుట లేదనియు, చెవితో వినినట్లు జ్ఞప్తియందుంచుకొనుచున్నాడనియు తేలెను. డియామండి అను మరియొక గణకుడు మాత్రము అంకెలను చూచుచుండెను. బినే అంతటితో నూరకుండక, బాన్ మార్షే అను పెద్ద దుకాణములో డబ్బు లెక్కించు గుమాస్తాలను పిలిపించి, వారిచేతను గుణకారములు చేయించెను. చిన్న గుణకారములలో వారిలో మేటియైనవారు ఆ ప్రఖ్యాత గణకులకంటె వేగముగా లెక్క కట్టిరి. పెద్ద సంఖ్యలను జ్ఞప్తియందుంచుకొనుటయే ఆ గణకుల ప్రత్యేకశక్తి యని దీనివలన స్పష్టమయ్యెను. వింతను చూచి నోరు తెరచుట సులభము. ఆ వింతను సామాన్యులతో పోల్చి చూచుట శాస్త్రము.

ఇదేరీతిని ఆయన గారడీవారిని గూడ ప్రయోగశాలకు ఆహ్వానించెను. వారి చేతుల కదలికలను వరుస ఛాయాచిత్రములుగా తీయించి, వాని నొక్కొక్కటిగా పరిశీలించెను. గారడీవాడు కేవలము చేతివేగముచేతనే మోసగించుట లేదు. చూపరుల దృష్టిని వేరొక వైపునకు మరల్చి, చూడనిదానిని గూడ చూచినట్లు వారు నమ్మునట్లు చేయుచున్నాడు. కన్ను చూచినదానికి మనస్సు తనంతట తానే కొంత చేర్చుకొనుచున్నదని బినే గ్రహించెను.

1900లో బినే సూచనలను గూర్చిన తన గ్రంథమును వెలువరించెను. ఇందులకై ఆయన పారిస్ పాఠశాలల బాలురపై పెక్కు ప్రయోగములు చేసెను. అందొకటి గీతల పరీక్ష. బాలునకు ఒక్కొక్క గీతను చూపి, అంతే పొడవు గల గీతను కాగితముపై గీయుమని చెప్పుచుండెను. మొదటి ఐదు గీతలును క్రమముగా ఒకదానికంటె ఒకటి పొడవైనవి. అటుపిమ్మట వచ్చు గీతలన్నియు ఐదవదానితో సమానమైనవే. కాని పెక్కుమంది బాలురు, ప్రతి గీతయు మునుపటిదానికంటె పెద్దదిగానే యుండునను ఊహలో చిక్కుకొని, కాగితముపై గీతలను పెంచుకొనుచునే పోయిరి. ఇచ్చట ఎవ్వరును వారిని మోసగింపలేదు. వారి మనస్సులో పుట్టిన అలవాటే వారి కన్నులను కప్పెను.

మరియొక ప్రయోగమున ఒక అట్టపై బొత్తాము, నాణెము, తపాలా బిళ్ల మున్నగు ఆరు వస్తువుల నంటించి, కొన్ని క్షణములపాటు బాలురకు చూపి, పిమ్మట దానిని దాచివేయుచుండెను. చూచినదానిని మీ యిష్టము వచ్చినట్లు వ్రాయుడని చెప్పినపుడు బాలురు కొద్దిగానే వ్రాసిరి. కాని వ్రాసినది చాలవరకు సరిగానుండెను. ప్రశ్నలు వేసిన కొలది జవాబులు పెరిగెను, తప్పులును పెరిగెను. అట్టకు జిగురుతో నంటించిన బొత్తామును గూర్చి, అది ఏ దారముతో కుట్టబడినదని అడిగినపుడు, పెక్కురు లేని దారమును జ్ఞాపకము తెచ్చుకొని బదులు చెప్పిరి. కొందరు బాలురను కలిపి కూర్చుండబెట్టి ప్రశ్నించినపుడు, మొదట పలికినవాని మాటనే మిగిలినవారు అనుసరించుచుండిరి. ప్రశ్న అడుగు తీరును బట్టి సాక్ష్యము మారుచున్నదని బినే చూపెను. న్యాయస్థానములలో పిల్లలు చెప్పు సాక్ష్యమును విచారించువారికి ఇది గొప్ప హెచ్చరిక యయ్యెను.

సూచన ఇతరులనే కాక తన్ను గూడ మోసగింపగలదని బినేకు తెలియును. ఆ కాలమున తల పెద్దదైనచో తెలివి అధికమను అభిప్రాయము శాస్త్రజ్ఞులలో బలముగా నుండెను. బినే గూడ దానిని నమ్మి, బడిపిల్లల తలలను కొలువసాగెను. తెలివిగలవారని ఉపాధ్యాయులు చెప్పినవారికిని, వెనుకబడినవారికిని తలకొలతలలో ఇంచుమించు ఒక మిల్లీమీటరు తేడాయే కనబడెను. అంత స్వల్పమైన తేడాను తన కోరికయే సృష్టించియుండునేమో యని ఆయనకు సందేహము కలిగెను. ఇతరులైనచో ఆ సందేహమును అణచివేసియుందురు. బినే తన్ను తానే పరీక్షకు గురిచేసికొనెను. లోగడ కొలిచిన తలలనే, వేరొక ఊహతో, మరల కొలిచెను. రెండవమారు కొలతలు సగటున మూడు మిల్లీమీటర్ల మేరకు తగ్గెను. తలలు మారలేదు, కొలుచువాని మనస్సు మారెను. ఆ మార్పు తాను వెదకుచున్న తేడాకంటె పెద్దది. ఈ సంగతిని బినే దాచక ప్రకటించెను. తలలను కొలిచి తెలివిని కనుగొనవచ్చునను ఆశను ఆయన వదలుకొనెను.

ఇట్లు ఆయన సిద్ధమైన సమయముననే గొప్ప కార్యమొకటి ఆయనను వెదకుకొని వచ్చెను. ఫ్రాన్సు దేశమున 1882లో నిర్బంధ ప్రాథమిక విద్య శాసనము వచ్చెను. బాలబాలికలందరు బడికి వచ్చుటచే, కొందరు తోడివారితో సమానముగా చదువలేకుండుట స్పష్టముగా బయటపడెను. వారికి ప్రత్యేకమైన బోధన నేర్పాటు చేయుటకై ప్రభుత్వము 1904లో ఒక సంఘమును నియమించెను. బినే అందు సభ్యుడు. అట్టి పిల్లలను గుర్తించుట యెట్లు? అల్లరి పిల్లలను వదలించుకొనగోరు ఉపాధ్యాయుడు వారిని మందబుద్ధులని చెప్పవచ్చును. బిడ్డ లోపమును దాచగోరు తలిదండ్రులు తెలివిగలవాడనవచ్చును. వైద్యులైనను నమ్మదగినవారు కారు. ఒక వైద్యుడు ఒక తరగతిలో చేర్చిన బిడ్డనే మరియొక వైద్యుడు వేరొక తరగతిలో చేర్చుచుండెను. ఈ పొరపాట్లకు బలియగువాడు నోరులేని బిడ్డ. చక్కగా చదువగలిగిన బిడ్డ బడినుండి తొలగింపబడినచో అతని జీవితమే చెడిపోవును.

ఈ కార్యమున థియోడోర్ సిమోన్ అను యువవైద్యుడు బినేకు సహాయుడయ్యెను. వారిరువురును 1905లో 30 పరీక్షల మాలికను ప్రకటించిరి. అవి సులభమైనవానితో మొదలై క్రమముగా కఠినములగుచుండును. వెలుగుచున్న అగ్గిపుల్లను కంటితో అనుసరించుట మొదటిది. వరుసగా చెప్పిన అంకెలను తిరిగి చెప్పుట, సామాన్య పదములకు అర్థము చెప్పుట, బరువులను క్రమములో పేర్చుట, ఇచ్చిన మూడు మాటలను కలిపి వాక్యము చేయుట మున్నగునవి తరువాతివి. బడిలో నేర్చిన పాఠములను గూర్చి కాక, బిడ్డ విషయమును గ్రహించి నిర్ణయించు శక్తిని గూర్చియే ఇవి అడుగును. ఏ వయస్సు పిల్లలలో ఎక్కువమంది ఏ పరీక్షలో నెగ్గుదురో పాఠశాలలలో చూచి తెలిసికొని, 1908లో పరీక్షలను మూడేండ్లనుండి పదుమూడేండ్ల వరకు వయస్సుల వారీగా అమర్చిరి. మూడేండ్ల బిడ్డ తన ముక్కును, కన్నులను, నోటిని చూపవలెను. ఐదేండ్ల బిడ్డ చతురస్రమును చూచి గీయవలెను. ఎనిమిదేండ్ల బిడ్డ సీతాకోకచిలుకకును ఈగకును గల భేదమును చెప్పవలెను.

పరీక్ష జరుపు పద్ధతియందే బినే పూర్వానుభవము స్పష్టముగా కానవచ్చును. గది నిశ్శబ్దముగా నుండవలెను. బిడ్డను ఆదరముతో పలుకరించి భయము పోగొట్టవలెను. ప్రశ్నలను నియమిత రీతిగనే అడుగవలెను. జవాబును సూచించునట్టి సహాయము చేయరాదు; తప్పు చెప్పినను గద్దింపరాదు. నాడు సాల్పెట్రియేర్ వైద్యశాలలో లోపించిన జాగ్రత్తలన్నియు ఇచ్చట నియమములుగా నిలిచెను.

తాను నిర్మించిన సాధనమునకు గల హద్దులను బినే మరువలేదు. తెలివిని కొలుచుట, కర్రతో బట్టను కొలుచుట వంటిది కాదని ఆయన హెచ్చరించెను. ఆ పరీక్ష బిడ్డ ప్రస్తుత స్థితిని తెలుపునే కాని, అట్లగుటకు కారణమును తెలుపదు. ముందు ఏమగునో చెప్పదు. బ్రస్సెల్స్ నగరమున కలవారి పిల్లలు ఈ పరీక్షలలో తమ వయస్సునకు మించి నెగ్గిరని తెలిసినపుడు, పెరిగిన యింటి ప్రభావమును ఆయన చర్చించెను. బిడ్డ తెలివి పుట్టుకతోనే నిర్ణయమైపోయినదనియు, దానిని పెంచుట అసాధ్యమనియు చెప్పువారిని 1909లో ప్రకటించిన గ్రంథమున తీవ్రముగా ఖండించెను. వెనుకబడిన పిల్లలకు ఏకాగ్రతను అలవరచు ఆటలను ఆయన ప్రోత్సహించెను. వానిలో ఒకటి, సంజ్ఞ చేయగనే ఎక్కడివా రక్కడ కదలక బొమ్మలవలె నిలుచు ఆట. అట్టి పిల్లలకు ప్రత్యేక తరగతులు నెలకొల్పుటకు ఫ్రాన్సులో 1909లోనే శాసనము జరిగెను.

1911లో బినే తన పరీక్షలను మరల సంస్కరించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 18 వ తేదీన పారిస్ నగరమున మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరములు. 1912లో జర్మనీ దేశీయుడగు విలియం స్టెర్న్, మానసిక వయస్సును నిజమైన వయస్సుచే భాగించు పద్ధతిని సూచించెను. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ ఆ లబ్ధమును నూరుచే గుణించి ప్రజ్ఞాలబ్ధిగా వ్యాప్తి చేసెను. మన దేశమునకు గూడ ఈ పరీక్షలు వచ్చెను. 1922లో లాహోరులో సి. హెచ్. రైస్ వానిని హిందూస్తానీలో రూపొందించెను. కాని అమెరికాలో కొందరు, బినే ఖండించిన భావమునే మరల పట్టుకొని, ఒక్క అంకెతో మనుష్యుని విలువను నిర్ణయింపవచ్చునని తలచిరి. పరదేశములనుండి వచ్చిన పేదలను, ఆ దేశభాష సరిగా రానివారిని గూడ ఇట్టి పరీక్షలచే మందబుద్ధులుగా ముద్రవేసిరి. సహాయము చేయుటకై పుట్టిన సాధనము అవమానించుటకు ఉపయోగపడెను. సాధనమును గైకొని, దానిని నిర్మించినవాని సందేహమును విడిచిపెట్టుటయే ఇందులకు కారణము.

బినే గొప్పతనము ఆయన ఎన్నడును పొరబడకుండుటలో లేదు. సూదంటురాతి విషయమున పొరబడెను. తలల కొలతలను గూర్చియు పొరబడెను. కాని ప్రతిమారును తన పొరపాటునకు కారణమేమని వెదకి, దానిని లోకమునకు తెలిపి, మరల అట్లు జరుగకుండ నియమము నేర్పరచుకొనెను. ఇతరుల మాటలను శంకించుట అందరికిని వచ్చును. తనకు ప్రియమైన అభిప్రాయమును శంకించి, పరీక్షించి, సాక్ష్యము ప్రతికూలమైనపుడు దానిని వదలుకొనుట కష్టము. ఆ కష్టమునకు వెరవనివాడే శాస్త్రజ్ఞుడని ఆల్ఫ్రెడ్ బినే జీవితము చాటుచున్నది.